బీఎడ్ మొదలయ్యేలోపు కోచింగ్‌లో చేరాలా? నా అనుభవం

బీఎస్సీ అయిపోయింది, హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పాలని ఉంది, బీఎడ్ క్లాసులు మొదలయ్యేలోపు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకోవాలా అని అడిగారు. నన్నడిగితే ఇప్పుడే వద్దు. నేను బీఎడ్ హైదరాబాద్‌లోనే చేశాను, ఇప్పుడు ఇక్కడే ఓ హైస్కూల్లో పనిచేస్తున్నాను. ఈ టైంలో మీరు చేయాల్సింది వేరే ఉంది.

ముందు మన ఎస్సీఈఆర్‌టీ పుస్తకాలు, అంటే సర్కారు బడి పాఠ్యపుస్తకాలు, ఆరు నుంచి పది దాకా దగ్గర పెట్టుకోండి. కొత్తవే కావాలని లేదు, కోఠిలో పాతవి వెతుక్కున్నా చాలు. బీఎడ్ సీటు కోసం రాసే ఎడ్‌సెట్‌లో 150 మార్కులకు 60 మార్కులు పాఠాల మీదే వస్తాయి, మ్యాథ్స్, సైన్స్, సోషల్ ఒక్కోదానికి 20, అంటే సైన్స్ వాళ్లం కూడా సోషల్ చదవక తప్పదు. కానీ మార్కుల కోసమే చదివితే సగం పనే అవుతుంది. ప్రతి పేజీ దగ్గరా ఆగి, ఇది ఎందుకలా అని ఏడో తరగతి పిల్ల అడిగితే ఏం చెప్తానని ఆలోచించండి. డిగ్రీలో మనం సూత్రాలు రాసి మార్కులు తెచ్చుకుంటాం, పిల్లలకు సూత్రం కంటే ముందు కళ్లకు కనిపించేది కావాలి.

ఆమ్లాలు, క్షారాల పాఠానికి నేను గ్లాసు నీళ్లలో చిటికెడు పసుపు వేసి, పాన్ డబ్బాలో తీసుకున్న సున్నం కాస్త కలిపాను. నీళ్లు ఎర్రబడగానే ముందు బెంచీలో పిల్ల లేచి "టీచర్, మా నానమ్మ దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇవే కదా!" అంది. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపురంగు వచ్చింది. అప్పుడు వెనక నుంచి ఒకబ్బాయి, వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడతారు, యూనిఫాం మీద కూర మరకకు సబ్బు రుద్దితే ఎర్రగా ఎందుకవుతుందో, సబ్బు కూడా సున్నంలా క్షారమే కాబట్టి అని, తనంతట తనే చెప్పాడు! సూచిక (రంగు మారి ఆమ్లమో క్షారమో చూపించేది) అనే మాటను బోర్డు మీద రాసింది ఆ తర్వాతే. ఇలాంటివి పాఠానికి ఒకటి చొప్పున ఇప్పటి నుంచే నోట్‌బుక్‌లో రాసుకోండి, బీఎడ్‌లో లెసన్ ప్లాన్లు రాయమన్నప్పుడు వేరేవాళ్ల రికార్డు చూసి ఎక్కించే అవసరం రాదు.

ఇంకోటి భాష. ఇక్కడ ఒకే క్లాసులో తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడే పిల్లలుంటారు, చెప్పేది ఇంగ్లిష్ మీడియం. సర్కారు బడి పుస్తకాల్లో తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉంటాయి కదా, ఒకే పేరాను రెండింట్లో పైకి చదివి, ఆపైన పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పి చూడండి. మీ బస్తీలో పిల్లలకు సాయంత్రం ట్యూషన్ చెప్పే వీలుంటే అస్సలు వదులుకోవద్దు, నోటికి అలవాటయ్యేది అక్కడే.

కోర్సు రెండేళ్లు, అందులో 20 వారాల దాకా బడిలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. దాన్ని సంతకాల కోసం కాకుండా చేయండి. మీ పీరియడ్ లేనప్పుడు సీనియర్ టీచర్ క్లాసులో వెనక కూర్చుని, ఆవిడ ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతుందో, తప్పు చెప్పిన పిల్లాడితో ఏమంటుందో చూడండి. నేను కాలేజీలో కంటే అలా నేర్చుకున్నదే ఎక్కువ.

ఉద్యోగం సంగతికొస్తే టీచర్ అర్హత పరీక్ష టెట్ ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, కానీ సర్కారు టీచర్ పోస్టులు భర్తీ చేసే డీఎస్సీలో ఆ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి పాసయ్యాం చాలని వదిలేయకండి. బీఎడ్‌తో ఎస్‌జీటీ, అంటే ప్రైమరీ టీచర్ పోస్టుకు కూడా రాయొచ్చని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ప్రైమరీ పోస్టులకు డీఎడ్ (ప్రైమరీ టీచర్ల డిప్లొమా) చేసినవాళ్లే అర్హులు. మనకు హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టే దారి. కోచింగ్ కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు.

ఎనిమిదో తరగతి ఘర్షణ పాఠంతో మొదలుపెట్టండి. ఎవరైనా ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పి, ఎక్కడ ఆగిపోయారో రాయండి, ఆ చోటు ఎలా చెప్పొచ్చో నేను చెప్తాను.