కథల పార్కు మూతపడితే కుటుంబాలతో బంధం ఎలా నిలుస్తుంది?

కోవిడ్ కాలంలో పిల్లల పార్కులు కుటుంబాలకు దూరం కాకుండా ఏం చేశాయని అడిగారు. అమెరికాలోని ఓక్‌లాండ్‌లో, మెరిట్ సరస్సు ఒడ్డున ఉన్న చిల్డ్రన్స్ ఫెయిరీల్యాండ్ అనే పిల్లల కథల పార్కు సంగతి చూడండి. 1950లో తెరిచిన ఈ పార్కు 2020 మార్చిలో మూతపడింది.

అక్కడ అంతా చేతితో ముట్టుకుని ఆడే వ్యవహారం. పిల్లలు పార్కు తాళంచెవిని అక్కడి కథల పెట్టెలో పెట్టి తిప్పితే కథో పాటో వినిపిస్తుంది. ఆ తాళంచెవిని ఇంట్లో దాచుకుని, మళ్లీ వచ్చినప్పుడు తెచ్చుకుంటారు. పిల్లలు వెంట లేకపోతే పెద్దలను అసలు లోపలికే రానివ్వరు! ఇలాంటి చోటును ఫోను తెరమీదికి తేవడం అంత తేలిక కాదు.

తేలిగ్గా కుదిరింది బొమ్మలాట. 1956 నుంచి నడుస్తున్న బొమ్మల నాటకశాల వాళ్లకు ఉంది. బొమ్మలాట వేదిక ఎలాగూ చిన్న చట్రమే కాబట్టి, కెమెరా ముందు పెద్దగా ఏమీ పోదు. అందుకే ఆ ప్రదర్శనలను వీడియోలుగా ఇళ్లకు పంపడం సహజంగా అమరింది. జారుడుబండకు ఆ వీలు లేదు.

నా దృష్టిలో అసలు ఇబ్బంది వయసుది. ఇది చిన్నపిల్లల పార్కు; ఒక్క ఏడాది పోతే కొందరు పిల్లలకు ఆ ఈడే దాటిపోతుంది. పైగా లాభాపేక్ష లేని సంస్థ, గేటు మూస్తే టికెట్ల డబ్బు ఆగిపోతుంది. అప్పుడు ఆదుకోవలసింది సభ్యులూ దాతలే. వాళ్లలో ఒకప్పుడు అక్కడ ఆడుకుని, ఇప్పుడు తమ పిల్లలను తీసుకొచ్చేవాళ్లూ ఉంటారు.