సర్వే అంకెలు ఎంతవరకు నమ్మాలంటే

చిట్టీ,

మామయ్య ఆశీస్సులు. 2028లో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో మొదటిసారి ఓటు వేయబోతున్నావు. అప్పుడే ఫోన్లో ఎన్నికల సర్వేలు చూసుకుంటూ టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. "ఇవి నమ్మొచ్చా మామయ్యా?" అని నువ్వు పెట్టిన మెసేజ్‌కి ఒక్క ముక్కలో జవాబివ్వబుద్ధి కాలేదు. ఏళ్ల తరబడి కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ణి, కాస్త వివరంగానే రాస్తాను.

పోటీ గట్టిగా ఉందా, లేక ఒకరు పది పాయింట్లు, అంటే నూటికి పది ఓట్లు, ముందున్నారా అన్నది మంచి సర్వే చాలావరకు సరిగానే చెబుతుంది. రెండు పాయింట్ల తేడా ఉన్నచోట ఎవరు గెలుస్తారో చెప్పడం దానివల్ల కాదు. 2016, 2020, 2024 మూడింటిలోనూ ఫలితాన్ని తేల్చిన రాష్ట్రాల్లో పోటీ ఈ రెండో రకమే. నీ టెన్షన్ అంతా అక్కడే ఉంది.

ఎంత ఎక్కువమందిని అడిగితే అంత నిజం అనుకోకు. 1936లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటిమందికి బ్యాలెట్ కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని రాసింది. కానీ అప్పటి అధ్యక్షుడు రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఆ పేర్లు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకున్నవి. ఆ ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరికి ఉంటాయి? పైగా కార్డు తిరిగి పంపే ఓపిక కూడా రూజ్వెల్ట్ మీద కోపంగా ఉన్నవాళ్లకే ఎక్కువ ఉంది. అంతకంటే ఎంతో తక్కువమందిని అడిగిన సర్వే నిపుణుడు జార్జ్ గాలప్ మాత్రం రూజ్వెల్టే గెలుస్తాడని చెప్పగలిగాడు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకుతో తెలుస్తుంది, నిజమే. గిన్నెను అడుగు నుంచి కలిపాక తీసిన మెతుకైతేనే.

ఇప్పటి అసలు ఇబ్బంది కూడా అదే, ఇంకా ముదిరింది. ప్రజాభిప్రాయ సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్కల ప్రకారం వాళ్లు ఫోన్ చేస్తే 1997లో నూటికి 36 మంది జవాబిచ్చేవాళ్లు. 2018 నాటికి ఆరుగురే మిగిలారు. మాట్లాడని ఆ 94 మంది కూడా మాట్లాడినవాళ్లలాగే ఆలోచిస్తారని సర్వే చేసేవాళ్లు ఆశపడాలి. అలా ఉండరని తెలుసు కాబట్టి వయసు, జాతి, చదువు, ఊరు చూసి తక్కువగా దొరికినవాళ్ల జవాబులకు ఎక్కువ విలువ ఇచ్చి లెక్క సరిచేస్తారు. 2016లో విస్కాన్సిన్, మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో చాలా సర్వేలు చదువును లెక్కలోకి తీసుకోలేదు. డిగ్రీ ఉన్నవాళ్లు సర్వేలకు ఎక్కువగా జవాబిస్తారు, వాళ్లు ట్రంప్ మీద పోటీచేసిన హిల్లరీ క్లింటన్ వైపు మొగ్గారు. డిగ్రీ లేనివాళ్లు ట్రంప్ వైపు వెళ్లారు. దేశం మొత్తం మీద సర్వేలు క్లింటన్‌కు సుమారు 3 పాయింట్ల ఆధిక్యం చూపాయి, 2.1 వచ్చింది. అది మంచి అంచనానే! కానీ అధ్యక్షుణ్ణి తేల్చేది దేశం మొత్తం ఓట్లు కావు, రాష్ట్రాలవారీగా గెలుచుకునే ఎలక్టోరల్ ఓట్లు. మూడు రాష్ట్రాల్లో కలిపి 80 వేలకన్నా తక్కువ ఓట్ల తేడాతో ఫలితం తిరగబడి ట్రంప్ గెలిచాడు.

తర్వాత చాలామంది చదువు లెక్క సరిదిద్దారు. అయినా 2020లో జాతీయ సర్వేల తప్పు 40 ఏళ్లలో ఎన్నడూ లేనంత పెరిగింది. విస్కాన్సిన్‌లో ఒక పేరున్న సర్వే బైడెన్ 17 పాయింట్లు ముందున్నాడంది. ఆయన గెలిచింది ఒక్క పాయింటు కన్నా తక్కువ తేడాతో. ఆ తప్పుకు కారణం ఇదీ అని సర్వే నిపుణుల సంఘం కూడా గట్టిగా తేల్చలేకపోయింది. పత్రికల మీద, సర్వేల మీద నమ్మకం లేనివాళ్లు అసలు ఫోనే ఎత్తలేదేమో అని నాకు అనిపిస్తుంది. అదే ఏడు నీ జార్జియాలో సర్వేలు పోటీ నువ్వా నేనా అన్నట్టుందని చెప్పాయి. తేడా 11,779 ఓట్లు. ఒకే ఏడాది ఒకచోట సరిపోయాయి, ఒకచోట ఘోరంగా తప్పాయి.

ఇంకొకటి, నా క్లాసులో తప్పకుండా చెప్పే సంగతి. 2016లో న్యూయార్క్ టైమ్స్ ఫ్లోరిడాలో 867 మంది జవాబులు సేకరించి, ఆ డేటానే నలుగురు మంచి సర్వే నిపుణులకు ఇచ్చింది. ఒకరి లెక్కలో క్లింటన్ 4 పాయింట్లు ముందుంది, మరొకరి లెక్కలో ట్రంప్ 1 పాయింటు ముందున్నాడు. జవాబులు అవే, మనుషులు వాళ్లే. లెక్క సరిచేసే పద్ధతి, ఓటు వేసేవాళ్లు ఎవరు అన్న అంచనా మాత్రమే మారాయి. సర్వే కింద చిన్న అక్షరాల్లో రాసే మార్జిన్ ఆఫ్ ఎర్రర్‌లో, అంటే అంకె ఎంతవరకు తప్పొచ్చో చెప్పే హద్దులో, ఈ తేడా ఉండదు తల్లీ.

ఆ మార్జిన్‌ను నువ్వు ఇలా చదువు. ప్లస్ ఆర్ మైనస్ 3 అంటే ఒక్కొక్క అభ్యర్థి అంకెకు అది. ఇద్దరి మధ్య తేడాకు దాదాపు రెట్టింపు వేసుకోవాలి. 48-46 అని కనిపిస్తే "రెండు ముందు" అనుకోవద్దు, సమానం అనుకో. ఒక్క సర్వే చూసి సంబరపడొద్దు, ఏడవొద్దు. 2024లో అయోవాలో ఎంతో నమ్మకమున్న సర్వే కమలా హారిస్ 3 పాయింట్లు ముందుందంటే ఇల్లిల్లూ ఆ మాటే. ట్రంప్ 13 పాయింట్లతో గెలిచాడు. చాలా సర్వేల సగటు చూడు, అదీ వారానికొకసారి. సగటు కూడా ఒక్కోసారి మొత్తంగా ఒకే పక్కకి తప్పుతుంది. 2024లో ఎటైనా మొగ్గగల ఏడు స్వింగ్ రాష్ట్రాల్లోనూ పోటీ సమంగా చూపించారు, ఏడూ ట్రంప్‌వైపే పోయాయి.

ఆన్‌లైన్లో చిల్లర పాయింట్లకోసం ఎవరైనా పూరించగలిగే సర్వేలైతే వదిలెయ్. ప్యూ వాళ్లు ఒకసారి పరీక్షిస్తే, అలాంటి సర్వేలో 30 ఏళ్లలోపు వాళ్లలో 12 శాతం తమకు అణు జలాంతర్గామి నడిపే లైసెన్సు ఉందన్నారు.

మీ నాన్న ఎగ్జిట్ పోల్స్‌తో కలిపేసి మాట్లాడతాడు. అవి ఓటు వేసి వచ్చినవాళ్లను అడిగేవి, వేరే లెక్క. అవీ తప్పుతాయి. 2024లో ఇండియాలో లోక్‌సభ ఎన్నికలప్పుడు చాలా చానళ్లు ఎన్డీఏకు 350 పైన సీట్లు ఇచ్చాయి, వచ్చింది 293.

చివరగా, నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మనవాళ్లు తెలియని నంబరు చూస్తే ఫోనెత్తరు. చాలా సర్వేల్లో ఆసియా వాళ్లు కొద్దిమందే దొరుకుతారు, అందుకని "ఇతరులు" అని ఒక వరసలో పడేస్తారు. మీ అట్లాంటా దగ్గర ఆల్ఫరెట్టా, కమ్మింగ్ చుట్టూ అంతమంది తెలుగువాళ్లున్నా వాళ్ల మనసులో ఏముందో ఏ అంకెలోనూ కనిపించదు. పేరున్న సంస్థ అని రూఢి చేసుకుని, సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు వివరాలు అడగకపోతే, పది నిమిషాలు ఇచ్చి నీకు అనిపించింది చెప్పు.

ఇల్లు మారారు కదా, ఓటరు రిజిస్ట్రేషన్లో కొత్త అడ్రసు వేయించావో లేదో ఈ వారమే చూసుకో. జార్జియాలో ఆ గడువు ఎన్నికకు నెలరోజుల ముందే అయిపోతుంది. అల్లుడిది కూడా చూడు.

మీ మామయ్య,
ఎడిసన్, న్యూజెర్సీ