చెల్లెకు మట్టి బొమ్మ కొనే ముందు గోడ చూడు

బిడ్డా,

నువ్వూ చెల్లె ఒకరికొకరు గోడలకు పెట్టే మట్టి పలకలు, బొమ్మలు, రంగు పళ్లేలు కొనివ్వడం మొదలుపెట్టారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచి పని. కాకపోతే అప్పుడే ఎవరి బొమ్మ పెద్దది, ఎవరిది ఎంతకొచ్చింది అనేదాకా పోయారట. మీ అమ్మా నేనూ ఏండ్ల తరబడి ఇట్లా ఇచ్చిపుచ్చుకుంటున్నవాళ్లమే కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా. చదివి చెల్లెకు కూడా పంపు.

నీకు నచ్చింది చెల్లెకు కొనకు, చెల్లె గోడకు పట్టేది కొను. మిర్యాలగూడలో నీది సొంతిల్లు, హాల్లో గోడంతా ఖాళీ, ఎంత పెద్దదైనా ఇముడుతుంది. మహబూబ్‌నగర్‌లో దానిది కిరాయి ఇల్లు, ఓనరు మేకు కొట్టనివ్వడు, పైగా పిల్లలు పొద్దస్తమానం బంతి విసురుకునే ఇల్లు. అక్కడికి రెండు కిలోల పలక మోసుకుపోతే మంచం కింద దాచుకోవడం తప్ప అది ఏం చేస్తుంది చెప్పు. స్టాండు మీద నిలబడే చిన్న పళ్లెమో, ఉన్న కొక్కేనికే తాడుతో వేలాడే మట్టిగంటల దండో చూడు. కొనేముందు గోడ ఫొటో పంపమను, పక్కన స్కేలు పెట్టి తీయమను, సైజు తెలుస్తుంది. సర్‌ప్రైజ్ పోతుంది అంటావేమో, పోనీ.

ఇక కొనేటప్పుడు చూసుకోవాల్సినవి. అరచేతిలో పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూడు, మనం కుండ కొనేటప్పుడు కొడతాం చూడు, అట్లనే. ఖణేల్ మంటే బాగా కాలింది. మొద్దుగా మోగితే ఎక్కడో సన్నని పగులు ఉంది, లేదా సరిగా కాలలేదు. తర్వాత వెనక్కి తిప్పు. ముందు వైపు అందరూ అందంగానే చేస్తారు, అసలు సంగతి వెనక తెలుస్తుంది. చేత్తో చేసినదైతే వేలి గుర్తులు, కొంచెం ఎత్తుపల్లాలు ఉంటాయి. ఓ మూలన గోటితో గీకితే తెల్లపొడి రాలిందంటే అది మట్టి కాదు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు ఎర్రరంగు పూసింది. నల్లదైతే తడిగుడ్డతో వెనకవైపు రుద్దు. కుండలు కాల్చే ఆవంలో పొగ బయటికి పోకుండా మూసి కాలిస్తే వచ్చిన నలుపు గుడ్డకు అంటదు, పెయింటు అంటవచ్చు. నలుపూ ఎరుపూ కలిసిన కుండలు మనవాళ్లకు కొత్తేం కాదు, నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోయిన ఏలేశ్వరం తవ్వకాల్లో కూడా అలాంటివి బయటపడ్డాయి.

శిల్పారామంలాంటి చోట చేసినవాళ్లూ ఉంటారు, కొనుక్కొచ్చి అమ్మేవాళ్లూ ఉంటారు. మట్టి ఎక్కడిది, ఎట్లా కాలుస్తారు అని అడుగు. చేసిన మనిషైతే నువ్వు ఆపేదాకా చెబుతాడు. రాజస్థాన్‌లో నాథ్‌ద్వారా దగ్గరి మొలేలా ఊరి దేవుళ్ల పలకలు దొరికితే ఒకటి తీసుకో, కుమ్మరి సారె మీద కాకుండా చేత్తోనే ఒత్తి, బొమ్మల లోపల బోలుగా ఉంచి చేస్తారు, నాకు అన్నిటికంటే అవే ఇష్టం. జైపూర్ నీలం పళ్లేలు చూడ్డానికి కుండల పనే అనిపిస్తాయి గానీ వాటిలో కుమ్మరి మట్టి ఉండదు, స్ఫటికరాయి పొడి, గాజుపొడి, ముల్తానీ మట్టి కలిపి చేస్తారు, తొందరగా చిట్లుతాయి, చెల్లె ఇంటికి మాత్రం వద్దు. కచ్ వాళ్ల అద్దాల లిప్పన్ పని కాల్చింది కాదు, పచ్చి మట్టే, నెమ్ము పట్టే గోడకు పెట్టకు. ఇంకోటి, గోడకు పెట్టే రంగు పళ్లెంలో చుట్టాలొచ్చారని పులిహోర వడ్డించకు. అలంకారానికి చేసినవాటి మెరుపు పూతలో సీసం ఉండొచ్చు, చింతపండు పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. నా మాట వింటే మీ ఇద్దరి గోడలకూ మొదటి పలక మన దగ్గరి కుమ్మరాయనతోనే చేయించండి. పెండ్లికి అయిరేణి కుండలు, బోనాలకు కుండలు, నోములకు గురుగులు చేసే చేతికి గోడ పలక పెద్ద లెక్క కాదు, ఎవరూ అడగరు కాబట్టి చేయరు, అంతే. అయితే అడిగే పద్ధతి ఒకటుంది. ఫోన్‌లో ఏదో బొమ్మ చూపించి "గిట్లనే కావాలె" అనకు. కాగితం మీద అసలు సైజులో గీసి తీసుకుపో. పది అంగుళాల పలక కావాలంటే పదకొండు గీయాలి, ఎందుకంటే ఆరి, కాలేసరికి మట్టి దాదాపు పదో వంతు కుదించుకుపోతుంది. వేలాడదీసే రంధ్రాలు రెండు, మట్టి పచ్చిగా ఉన్నప్పుడే పొడవమను. కాలినాక డ్రిల్లు పెడితే పలక రెండు ముక్కలైనా ఆశ్చర్యం లేదు. మందం వేలంత చాలు. పలుచని పలకను ఎండలో పెడితే మూలలు పైకి లేస్తాయి, అందుకే నీడలో తిప్పుతూ మెల్లగా ఆరబెట్టాలి, ఆ సంగతి ఆయనకు నువ్వు చెప్పనక్కరలేదు గానీ తొందరపెట్టకుండా ఉండాల్సింది నువ్వు. వానాకాలంలో పొరపాటున కూడా అడగకు. దీపావళి ప్రమిదల హడావుడి అయిపోయాక, ఎండాకాలం రంజన్ల పని ఎత్తుకోకముందు వెళ్తే ఆయనకు తీరిక, మీకు పని నాణ్యం. ఇద్దరికీ చెరొకటి కావాలంటే మూడు చేయించు, ఆవంలో ఒకటి పగిలినా గొడవ ఉండదు, మిగిలితే మీ అమ్మకు. బేరం మాత్రం ఆడకు, ముందే కొంత చేతిలో పెట్టు. మాల్‌లో ట్యాగు మీద ఉన్నంతా ఇచ్చి వచ్చి ఇక్కడ యాభై రూపాయల దగ్గర గీచిగీచి ఆడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

గోడకు పెట్టేటప్పుడు, కిలో దాటిన దేన్నీ ఒట్టి మేకు మీద నమ్మకు. డ్రిల్ వేసి ప్లగ్గు దింపి స్క్రూ బిగించమను. బాత్రూం వెనక గోడ, వాన చెమ్మ దిగే గోడ వద్దు, ఉప్పు ఊరి పలక మీద తెల్లగా తేలుతుంది. తుడవడానికి పొడి బ్రష్ చాలు. మన నల్గొండ వైపు బోరునీళ్ల సంగతి తెలిసిందే, వాటితో తుడిస్తే ఆరాక తెల్లమచ్చలు కనబడతాయి. తప్పదనుకుంటే ఫిల్టర్ నీళ్లతో గుడ్డ తడిపి గట్టిగా పిండి తుడువు. విరిగితే ముక్కలతో పాటు పొడి కూడా కవర్లో ఏరిపెట్టు, ఎపాక్సీతో అతికించేటప్పుడు ఆ పొడితోనే సందులు పూడ్చొచ్చు.

బస్సులో తీసుకుపోయేటప్పుడు డబ్బాలో డబ్బా పెట్టి మధ్యలో వరిగడ్డి కూరు. పలకను పడుకోబెట్టకు, నిలువుగా ఉంచు, ఒళ్లోనే పెట్టుకో.

ఇప్పుడు మీ లొల్లి సంగతి. ధర ఒకరికొకరు చెప్పుకోకండి. అడిగినా చెప్పకండి. దాని బదులు వెనక పెన్సిల్‌తో ఎవరు ఇచ్చారు, ఏ ఊర్లో కొన్నది, ఏ సంవత్సరం, ఇంతే రాయండి. పెండ్లిరోజు, పుట్టినరోజు, గృహప్రవేశం, ప్రతిదానికీ బొమ్మే ఇస్తే గోడ సంత అవుతుంది. బతుకమ్మకు ఇద్దరూ అమ్మ దగ్గరికి వస్తారు కదా, ఏడాదికి అప్పుడు ఒక్కసారి మార్చుకోండి, మిగతా సమయాల్లో చీరలున్నాయి. ఇచ్చాక అది దానిదే. వంటింట్లో పెట్టుకున్నా, ఆడబిడ్డకు ఇచ్చేసినా నువ్వు మొహం ముడుచుకోకూడదు. మీ అమ్మ నేనిచ్చిన నెమలి పలకను బోరు మోటారు గది తలుపు పక్కన పెట్టింది, ఏమన్నా అన్నానా? మనసులో అనుకున్నా, అది వేరు.

చెల్లె నీకిచ్చింది నీకు నచ్చకపోతే ఆ మాట కొంచెం మెల్లగా చెప్పు, కానీ చెప్పు. లేకపోతే ప్రతి ఏడూ అలాంటిదే తెస్తుంది, దానికి డబ్బు దండగ, నీకు టెన్షన్.

ఇద్దరి గోడల కొలతలూ దీపావళిలోపు నాకు పంపండి. ఇక్కడి కుమ్మరాయనతో నేను మాట్లాడి పెడతా. బొమ్మ ఏది గీయాలో మీలో మీరు తేల్చుకోండి, నన్ను మధ్యలోకి లాగొద్దు.

మీ పెద్దమ్మ