అద్దె కోసం ఫ్లాట్ కొనే ముందు వేయవలసిన లెక్క

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నెలకు చేతికి 1.10 లక్షలు వస్తుంది. ఉండడానికి సొంత ఇల్లు, బ్యాంకు డిపాజిట్లలో 20 లక్షలు ఉన్నాయి. మియాపూర్‌లో 65 లక్షలకు డబుల్ బెడ్‌రూమ్ పాత ఫ్లాట్ చూశాం. 20 వేల అద్దె వస్తుందంటున్నారు. రుణం తీసుకుని కొంటే అద్దెతోనే వాయిదాలు తీరిపోతాయా?

జవాబు: తీరవు. అద్దె వచ్చే ఆస్తి ఒకటి ఉండాలన్న మీ ఆలోచన సరైనదే గానీ, మీరు చెప్పిన లెక్కల ప్రకారం ఈ ఫ్లాట్ ఆదాయం ఇవ్వడం అటుంచి, ఏళ్ల తరబడి మీ జీతంలోంచే డబ్బు తీసుకుంటుంది.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఈ ధరలో ఉన్న ఫ్లాటుకు విలువలో 80 శాతం, అంటే 52 లక్షలకు మించి రుణం రాదు. మిగిలిన 13 లక్షలకు తోడు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు సుమారు 7.5 శాతం చొప్పున 4.9 లక్షలు, మరమ్మతులకు, మధ్యవర్తి కమీషన్‌కు మరో 2 లక్షలు వేసుకుంటే మీ డిపాజిట్లు మొత్తం ఊడ్చుకుపోతాయి. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెల వాయిదా 45,100 రూపాయలు అవుతుంది. ఏడాదిలో ఒక నెల ఫ్లాట్ ఖాళీగా ఉంటుందనుకుని, ఇంటి పన్ను, రంగులు, చిన్నాచితకా మరమ్మతులకు 25 వేలు తీసేస్తే అద్దెగా మిగిలేది 1.95 లక్షలు. మొత్తం ఖర్చయిన 72 లక్షల మీద ఇది 2.7 శాతమే. వాయిదాకూ అద్దెకూ మధ్య నెలకు దాదాపు 29 వేల లోటు మీరే భరించాలి. అప్పుడు చేతిలో అత్యవసర నిధి ఉండదు, ఉద్యోగానికి ఇబ్బంది వస్తే వాయిదా ఆగదు. నాకు అన్నింటికన్నా ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది ఇదే.

పన్ను మినహాయింపు ఈ లోటును పూడుస్తుందని చాలామంది నమ్ముతారు. అద్దెలో 30 శాతం ప్రామాణిక తగ్గింపు, రుణ వడ్డీ తగ్గింపు ఉన్న మాట నిజమే. అయితే మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఇంటి మీద వచ్చే నష్టాన్ని (అద్దె కన్నా వడ్డీ ఎక్కువైనప్పుడు తేలే మొత్తాన్ని) జీతంతో సర్దుబాటు చేసుకోలేరు. పాత విధానంలోనైనా ఏడాదికి 2 లక్షల వరకే వీలవుతుంది.

కాబట్టి ఇప్పుడే కొనవద్దు. ఆ 29 వేలను మూడు నాలుగేళ్లపాటు విడిగా పొదుపు చేయండి. ఆరు నెలల ఖర్చులకు సరిపడా సొమ్మును తాకకుండా ఉంచి, రుణం 25 లక్షలకు మించకుండా కొనగల ఫ్లాట్ చూడండి. ఆ రుణానికి వాయిదా 21,700 దగ్గర ఉంటుంది గనుక అద్దె దానిలో అధిక భాగాన్ని మోస్తుంది. ఈలోగా ధరలు పెరగవా అంటే, పెరగవచ్చు, మీరు ఇంకాస్త చిన్న ఫ్లాటుతో సరిపెట్టుకోవలసి రావచ్చు. అయినా నెలనెలా లోటుతో నెట్టుకురావడం కన్నా అది మేలు. పొదుపులో చిన్న భాగాన్ని స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన రీట్ (అద్దె వచ్చే భవనాలను కలిగి ఉండి, ఆ ఆదాయాన్ని మదుపరులకు పంచే ట్రస్టు) యూనిట్లలో పెట్టవచ్చు. ఉదాహరణకు, మాదాపూర్‌లో కార్యాలయ భవనాలున్న మైండ్‌స్పేస్ రీట్ 2020లో నమోదైంది. పంపిణీకి వీలైన నగదులో 90 శాతం మదుపరులకు ఇవ్వాలని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ఉంది. అయితే యూనిట్ ధర షేర్లలాగే పడుతూ లేస్తూ ఉంటుంది.

కొనే రోజు వచ్చినప్పుడు బ్రోకరు చెప్పిన అద్దెను నమ్మకండి. మే నెలలో ఒక సాయంత్రం ఆ అపార్ట్‌మెంటుకు వెళ్లి గేటు దగ్గర ఎన్ని టు-లెట్ బోర్డులున్నాయో చూడండి, రోజుకు ఎన్ని నీళ్ల ట్యాంకర్లు వస్తున్నాయో వాచ్‌మన్‌ను అడగండి, అసోసియేషన్ కార్యదర్శి దగ్గర మెయింటెనెన్స్ బకాయిల పుస్తకం చూపించమనండి. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం నివాసానికి తగినదన్న అనుమతి పత్రం) న్యాయవాదికి చూపించిన తరువాతే అడ్వాన్సు ఇవ్వండి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవారికి ఇచ్చే సొమ్ములో 1 శాతాన్ని టీడీఎస్ (చెల్లింపు దగ్గరే కోసే ఆదాయపు పన్ను)గా మినహాయించి ప్రభుత్వానికి కట్టే బాధ్యత మీదే. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడిన ప్రవాసులైతే మినహాయించవలసిన మొత్తం చాలా ఎక్కువగా ఉంటుంది గనుక, అగ్రిమెంటు రాసుకోకముందే వారి నివాస హోదా ఏమిటో రాతపూర్వకంగా తీసుకోండి.