తామర పురుగుకి పేరు పెట్టబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

కొత్త తామర పురుగు జాతిని వర్ణిస్తూ నువ్వు పంపిన పేపర్ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. మొదటిసారి బస్సులో ఫోన్లోనే, రెండోసారి ఇంటికొచ్చి ప్రింట్ తీసి ఎర్ర పెన్ను పట్టుకుని. పదకొండు పేజీలు రాశావు. అందులో మొదటి మూడున్నర పేజీలూ తామర పురుగులు, అంటే థ్రిప్స్ అనే ఈ నలుసంత పురుగులు, ప్రపంచంలో ఆరు వేల రకాలకు పైగా ఉన్నాయనీ, పంటల్ని పాడు చేస్తాయనీ, వైరస్‌లు మోస్తాయనీ. నిజమే, కానీ ఆ పేపర్ తెరిచేవాడికి అవన్నీ ముందే తెలుసు. వాడికి తెలియనిది ఒక్కటే, నీ పురుగు మిగతా వాటికంటే ఎక్కడ వేరు అన్నది. అది తొమ్మిదో పేజీలో ఒక పేరా మధ్య ఇరుక్కుపోయి ఉంది. ముందు దాన్ని బయటికి లాగు.

నువ్వు ఎవరి కోసం రాస్తున్నావో తెలుసా? మేడమ్ కోసం కాదు, పీహెచ్‌డీ కమిటీ కోసం కాదు. ముక్కూ మొహం తెలియని ఎవరో ఒకరి కోసం. వాడి మైక్రోస్కోప్ కింద వేరే స్లైడ్ ఉంటుంది, నీ స్లైడ్ ఎక్కడో మ్యూజియం బీరువాలో ఉంటుంది, మధ్యలో వాడికి దిక్కు నీ రాత ఒక్కటే.

మన మిర్చి సంగతే తీసుకో. 1922లో కార్నీ అనే ఆయన ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఒక పురుగుని వర్ణించి పార్విస్పైనస్ అని పేరు పెట్టాడు, అంటే చిన్న ముళ్ళది అని. అప్పట్లో ఐసోన్యూరోథ్రిప్స్ అనే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) పెట్టాడు, తర్వాతి వాళ్ళు దాన్ని థ్రిప్స్ అనే పేరే ఉన్న ప్రజాతిలోకి మార్చారు. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. 2021 వచ్చేసరికి గుంటూరు, ఖమ్మం మిర్చి చేలల్లో పూతంతా రాలిపోయింది. రైతులు మొదట ఎప్పుడూ వచ్చే తామర పురుగే అనుకుని పైముడతకి కొట్టే మందులే కొట్టారు. పాతది, అదే 1919లో హుడ్ పేరు పెట్టిన సిర్టోథ్రిప్స్ డోర్సాలిస్, లేత పసుపు రంగులో ఉంటుంది, లేత ఆకుల్ని పట్టుకుంటుంది. ఇది నల్లగా ఉండి పూల లోపల దూరి కూర్చుంది. రంగు చూసి ఊళ్ళో వాళ్ళు నల్ల తామర పురుగు అన్నారు, సరే, కానీ నల్లటి తామర పురుగులు బోలెడున్నాయి కదా. ఇది ఫలానాదే అని తేల్చాలంటే స్లైడ్ మీద చూసేది వేరు. ముందు రెక్క ఈనెల మీద రోమాలు తెగకుండా వరుసగా ఉన్నాయా, ఎనిమిదో పొట్ట ఖండం వెనక అంచున దువ్వెన పళ్ళలాంటి వరుస ఉందా లేదా. దీనికి ఆ దువ్వెన లేదు. నూరేళ్ళ కిందట చూసి పేరు పెట్టిన పురుగు గుంటూరు చేలో అక్కరకొచ్చిందంటే అలాంటి రోమాల లెక్కల వల్లే.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. వేరుశనగలో మొవ్వుకుళ్ళు తెగులు మోసేది ఫ్రాంక్లినియెల్లా షుల్ట్‌జీ అని మన దేశంలో చాలాకాలం అనుకున్నారు. తర్వాత తేలింది, అసలు దొంగ థ్రిప్స్ పామి అని. రెండూ పువ్వులో దాక్కునే నలుసంత పురుగులే. ఫ్రాంక్లినియెల్లాకి తలమీద చిన్న కళ్ళ ముందు ఒక జత రోమాలు అదనంగా ఉంటాయి, థ్రిప్స్ ప్రజాతికి ఆ జత ఉండదు. మైక్రోస్కోప్ కింద రెండు వెంట్రుకలు, అంతే.

ఇప్పుడు నీ వర్ణనకి వస్తా. "ఎడమ దవడ ఒక్కటే ఉంది" అని రాశావు. తమ్ముడూ, తామర పురుగులన్నిటికీ అంతే! మనిషిని గుర్తుపట్టమంటే రెండు చెవులున్నాయని చెప్పినట్టుంది. "అందమైన బంగారు పసుపు" అన్నావు, అందం సంగతి వదిలెయ్, ఆ పసుపు నువ్వు స్లైడ్ చేశాక చూసిందా, బతికున్నప్పుడు చూసిందా? సోడియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టాక రంగు సగం పోతుంది. పట్టుకున్న రోజే నోట్‌బుక్‌లో రాసుకోవాలి. "వెనక మూల రోమాలు పొడవుగా ఉన్నాయి" అన్నావు. దేనికంటే పొడవు? ఎన్ని మైక్రాన్లు, మెడ పలక పొడవులో ఎన్నో వంతు? ఒక ఆడపురుగు కొలతలిచ్చి జాతి మొత్తానికి అవే అన్నట్టు రాశావు, పది ఉంటే పది కొలువు, కనిష్ఠం గరిష్ఠం రెండూ ఇవ్వు, హోలోటైప్ (కొత్త పేరుకి ఆధారంగా ఎంచుకున్న ఒకే ఒక్క నమూనా) కొలత విడిగా ఇవ్వు.

ఇది నేను ఊరికే అనడం లేదు. కొత్తలో నేనూ ఒక జాతికి పేరు పెట్టాను. ఎండు కొమ్మల మీద బూజు తినే రకం, దొరికింది ఒకే ఒక్క మగది, బక్కగా, ముందు కాళ్ళు సన్నగా, చూడగానే కొత్తదనిపించింది. వారం రోజులు నిద్ర పట్టలేదు సంతోషంతో. కొన్నేళ్ళ తర్వాత ఒక పెద్దాయన ఉత్తరం రాశారు, చాలా మర్యాదగా, ఆ రకంలో ఒకే తల్లి పిల్లల్లో కూడా పెద్ద మగవి, చిన్న మగవి అసలు పోలిక లేకుండా ఉంటాయి బాబూ, నువ్వు వర్ణించింది ఎప్పుడో పేరున్న జాతిలో ఒక చిన్న మగది అని. అంతే, నా జాతి పోయింది. కానీ పేరు పోదు, అదే దీనిలో ఉన్న చిక్కు. పర్యాయనామాల (ఒకే జాతికి పడ్డ అదనపు పేర్ల) జాబితాలో నా ఇంటి పేరుతో సహా ఇప్పటికీ ఉంది, ఎవరు కేటలాగ్ రాసినా దాన్ని మళ్ళీ ఎత్తి రాయాల్సిందే.

అందుకే మగవి కావాలి, ఆడవి కావాలి, పిల్లపురుగులు కూడా కావాలి. పిల్లలెందుకంటే, నువ్వు "ఆశ్రయ మొక్క: తంగేడు" అని ధీమాగా రాసేశావు. తంగేడు పూలు దులిపితే నీకు దొరికినవి మూడు ఆడవి, ఒక మగది. రెక్కలున్న పురుగు గాలికి కొట్టుకొచ్చి ఏ పువ్వులోనైనా వాలుతుంది, పక్కనున్న గడ్డి మీద పుట్టిందేమో నీకేం తెలుసు? పిల్లలు దొరికితే అక్కడే పుట్టి పెరుగుతోందని అర్థం. అప్పటిదాకా "తంగేడు పూలలో దొరికింది" అను, చాలు.

స్లైడ్ ఫొటోలు చూశాను, యాంటెన్నాలు కొక్కేల్లా ముడుచుకున్నాయి. తొంభై అయిదు శాతం ఆల్కహాల్‌లో వేశావు కదా? అది డీఎన్‌ఏకి మంచిది, స్లైడ్‌కి కాదు, ఒళ్ళు కర్రలా బిగుసుకుపోతుంది. రెండు సీసాలు పట్టుకెళ్ళు. రెండో దాంట్లో అరవై శాతం ఆల్కహాల్ పది పాళ్ళు, గ్లిసరిన్ ఒక పాలు, ఎసిటిక్ ఆమ్లం ఒక పాలు. లవంగ నూనె నుంచి తీసి స్లైడ్ మీద బాల్సమ్ అనే జిగురులో పెట్టేటప్పుడు సన్నటి సూదితో రెక్కలు విప్పి, యాంటెన్నాలు సాగదీసి, అప్పుడు కవర్‌స్లిప్ వెయ్యి. మొదటి ఇరవై పాడవుతాయి, టెన్షన్ పడకు, అందుకే ప్రాక్టీస్‌కి బంతి పూలలో దొరికే మామూలు వాటిని వాడు, కొత్తవాటి జోలికి ముందే వెళ్ళకు.

డీఎన్‌ఏ బార్‌కోడ్ (జాతిని గుర్తుపట్టడానికి డీఎన్‌ఏలో ఒక చిన్న ముక్కని చదవడం) చేయించావు, మంచిదే. మిర్చి డోర్సాలిస్ అని మనం ఒకే పేరుతో పిలిచేదానిలో తొమ్మిదికి తక్కువ కాకుండా జాతులు దాగున్నాయని తెలిసింది దానివల్లే. కానీ "బార్‌కోడ్ వేరుగా వచ్చింది కాబట్టి కొత్తది" అని ఒక్క వాక్యంతో దాటెయ్యకు. అచ్చు దాని పోలికే ఉన్న జాతుల టైప్ స్లైడ్లు, అంటే ఆ పేర్లకి ఆధారమైన అసలు స్లైడ్లు, చూశావా? అరువు ఇవ్వకపోతే ఫొటోలైనా అడుగు, అడిగితే సాధారణంగా పంపుతారు. చూడకుండా "పాత వర్ణనతో పోల్చాను" అంటే కుదరదు, పాత వర్ణనలు నీ మొదటి డ్రాఫ్ట్ కంటే గొప్పగా ఏం ఉండవు మరి.

పేరు గురించి రెండు మాటలు. మేడమ్ పేరు పెట్టాలనుకున్నావు, బాగుంది, కానీ లాటిన్ పేరు చివర "ఐ" పెట్టావు. అది మగవాళ్ళకి. ఆడవాళ్ళ పేరుకి "ఏఈ" రావాలి. అచ్చయ్యాక చూసుకుంటే మేడమ్ ముందు తలెత్తుకోలేవు. విశేషణం పెట్టాలనుకుంటే థ్రిప్స్ పుంలింగమని గుర్తుపెట్టుకో, పసుపు రంగుదనడానికి ఫ్లేవస్ అవుతుంది గానీ ఫ్లేవా కాదు.

హోలోటైప్ ఏదో స్పష్టంగా చెప్పు, అది ఏ మ్యూజియంలో ఉంటుందో రాయి. 1999 తర్వాత అచ్చయిన జాతి పేరుకి ఈ రెండూ లేకపోతే నామకరణ నియమాల ప్రకారం ఆ పేరే చెల్లదు. పత్రిక ఆన్‌లైన్లోనే వచ్చేదైతే జంతువుల పేర్లు నమోదు చేసే జూబ్యాంక్ అనే ఆన్‌లైన్ రిజిస్టర్‌లో ముందే నమోదు చేసి ఆ సంగతి పేపర్లోనే వెయ్యాలి. ఇంకోటి, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి దొరికితే ప్రభుత్వం గుర్తించిన నిక్షేపాలయానికి (నమూనాలు భద్రపరిచే సంస్థకి) తెలియజేసి నమూనా ఇవ్వాలి. కోల్‌కతా జూలాజికల్ సర్వే ఉంది, బెంగళూరులో ఎన్‌బీఏఐఆర్ (వ్యవసాయ కీటకాల జాతీయ సంస్థ) ఉంది. నీ టేబుల్ సొరుగు మ్యూజియం కాదు.

బతుకమ్మకి ఇంకా మూడు వారాలుంది, అందరూ కోసుకుపోకముందే ఆ తంగేడు పొద దగ్గరికి వెళ్ళు. తెల్ల ట్రే పెట్టి దులుపు, కింద గడ్డిని కూడా దులుపు, రెండూ వేరువేరు సీసాల్లో. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వెయ్యి, బయట అంటించకు. వచ్చాక పిల్లలు ఎందులో దొరికాయో ముందు అది చెప్పు, పేపర్ సంగతి తర్వాత చూద్దాం.

మీ అన్న