అండర్‌స్టాండ్‌లో ‘కింద’ ఎక్కడిది?

బ్రాడీపేటలో ట్యూషన్ నుంచి వచ్చిన మీ పాప ‘అండర్ అంటే కింద, స్టాండ్ అంటే నిలబడు, మరి అర్థం చేసుకోవడం ఎలా అయింది?’ అని అడిగిందన్నారు. ఎంత మంచి ప్రశ్నండీ!

ఈ మాట వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులోనే ఉంది. అప్పట్లో అండర్‌కి ‘మధ్య’ అనే అర్థం కూడా ఉండేది. విషయం మధ్యలో నిలబడితే అది తెలుస్తుందన్న భావం కావచ్చని పండితులంటారు. అర్థం చేసుకోవడానికే ఇంగ్లీషులో ఉన్న మరో మాట కాంప్రెహెండ్ దారి వేరు, దాని లాటిన్ మూలానికి ‘పట్టుకోవడం’ అని అర్థం. మన ‘గ్రహించు’ కూడా అంతే, సంస్కృతంలో గ్రహ్ అంటే పట్టుకోవడమే. పాప చేతికి పెన్ను ఇచ్చి గట్టిగా పట్టుకోమని ఇది చెప్పండి, ఇక మర్చిపోదు.

అండర్‌స్టాండ్‌కి ఇంకో అర్థం: ‘ఐ అండర్‌స్టాండ్ యు ఆర్ కమింగ్ టు విజయవాడ’ అంటే ‘మీరు విజయవాడ వస్తున్నారని తెలిసింది’ అని.