తెలియదని చెబితే పరువు పోతుందా?

ప్రశ్న: నా వయసు 28. చెన్నైలో ఉద్యోగం చేసేవాణ్ని. ఏడాది కిందట నాయనకు పక్షవాతం వస్తే ఊరికొచ్చి మా రొయ్యల గుంతలు చూసుకుంటున్నాను. పనివాళ్లు ఏది అడిగినా తెలిసినట్టే చెబుతాను. పోయిన నెల మబ్బు పట్టిన రోజు మా పాత మేస్త్రీ ‘మేత తగ్గిద్దామా?’ అంటే ‘నాకు తెలుసులే’ అన్నాను. తెల్లారేసరికి ఒక గుంత మొత్తం పోయింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. నాయనకు చెప్పలేదు. భార్య లెక్కలు అడిగితే అరుస్తున్నాను. నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకుడు, విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: పగలు నీళ్లలోని పాచి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పాచి పీల్చుకుంటుంది. అందుకే తెల్లారే ముందు గుంతలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. మబ్బు రోజైతే పగలు తయారయ్యేదే తక్కువ. పైగా మిగిలిన మేత కుళ్లి ఉన్న ఆక్సిజన్‌నూ లాగేస్తుంది, అందుకే ఆ రోజు మేత తగ్గిస్తారు. మీ మేస్త్రీ ఏళ్ల తరబడి గట్టు మీద నిలబడి నేర్చుకున్న సంగతి ఇది. ఏడాదిలో మీకు రాకపోవడం తప్పేమీ కాదు. తెలిసిన మనిషి పక్కనే ఉండి చెబుతుంటే నోరు మూయించారే, అది తప్పు. కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

రేపు పొద్దున, రొయ్యలు మేత ఎలా తింటున్నాయో చూడటానికి నీళ్లలో ఉంచే చెక్ ట్రే పైకి లాగేటప్పుడు ఆయన్ని పిలవండి. ‘మామా, ఆ రోజు నీ మాట వినలేదు, తప్పయింది. ఈ ట్రేలో నువ్వేం చూస్తావో నాకు చెప్పు’ అనండి. మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు మెత్తబడిందా, ఆయన వేలు పెట్టి చూపిస్తాడు. అలా అడిగితే లోకువైపోతానన్న భయం వద్దు. మీకు పని రాదని వాళ్లకు మొదటి వారంలోనే తెలిసిపోయి ఉంటుంది. చెబితే కసురుకుంటారేమోనని ఊరుకుంటున్నారు, అంతే. జవాబు తెలియనప్పుడు ‘తెలియదు, సాయంత్రానికి కనుక్కుని చెబుతా’ అనండి. నిజంగానే కనుక్కోండి, నీళ్లు ల్యాబులో చూపించండి.

ఇక నాయన. ఆయనకు టెన్షన్ ఎందుకని దాస్తున్నట్టున్నారు. కానీ ఇన్నేళ్లు గుంతల మీద బతికిన మనిషిని ఇప్పుడు ఎవరూ ఏమీ అడగడం లేదు. ఆ మంచం మీద ఆయనకు అదెంత కష్టమో ఆలోచించండి. ఫోన్లో నీళ్ల రంగు వీడియో తీసి చూపించి, రోజుకో సందేహం అడగండి. మాట తడబడినా ఓపిగ్గా వినండి. నష్టం సంగతి ఎప్పుడు చెప్పాలో మాత్రం ఆయన డాక్టరును అడిగి చేయండి.

నిద్ర ఇలాగే పట్టకపోతే మీరూ డాక్టరును కలవండి. మనసు మరీ బరువెక్కితే ఏ వేళైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

మీ భార్య లెక్కలు అడిగేది మిమ్మల్ని దోషిగా నిలబెట్టడానికి కాదనే నాకు అనిపిస్తోంది. ఇంట్లో ఏదో జరిగిందని ఆమెకు తెలుసు, ఏమిటో తెలియక హడలిపోతోంది. మేత షాపు బాకీ, కరెంటు బిల్లు, చేబదుళ్లు, అన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్క రూపాయి కూడా తగ్గించి రాయొద్దు. ఈ రాత్రి భోజనాలయ్యాక ముందు అరిచినందుకు క్షమించమని అడగండి. తర్వాత కాగితం ఆమె చేతికిచ్చి, ‘ఇది ఎలా తీర్చాలో నాకు తెలియడం లేదు, ఇద్దరం కూర్చుని చూద్దామా’ అనండి.